చెంగయ్య బొజ్జ

అనగనగా ఒక అడవిలో, వాగు నీళ్ళల్లో తన బొజ్జ చూసుకుని బావురుమనే కొండముచ్చు ఒకడు ఉండేవాడు. పేరు చెంగయ్య. నవ్వకండి పిల్లలూ, పాపం వాడి బాధ వాడిది.

చెంగయ్యది కాపలా ఉద్యోగం. ఎత్తయిన మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చోవాలి. చిరుతపులి కనబడగానే "ఖొక్! ఖొక్!" అని అరవాలి. ఆ కేక వింటేనే కింద మేసే జింకలు పిల్లల్ని తీసుకుని పరుగెత్తుతాయి.

ఒకప్పుడు గుంటనక్క వాడికి మత్తాకు అలవాటు చేసింది. అది నమిలితే ఒళ్ళు తేలిపోయేది, ఆకలి చచ్చిపోయేది. చెంగయ్య తిండి మానేసి, ఎండుపుల్లలా తయారై, కొమ్మ మీదే జోగేవాడు. అలా జోగుతున్నప్పుడే ఒకరోజు చిరుత వచ్చి జింకపిల్లను ఎత్తుకుపోయింది. తిని వదిలేసిన ముక్కలు నక్కకు దక్కాయి. నక్క ఆకులు ఊరికే ఎందుకు పంచిపెట్టిందో ఇప్పుడు తెలిసిందా?

తల్లిజింక ఏడుపు విని చెంగయ్య కుమిలిపోయాడు. ఆకు మానేశాడు. ఒళ్ళు వణికింది, నిద్ర పట్టలేదు, అయినా మానేశాడు. ఎలుగుబంటి పెద్దమ్మ వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చిగుళ్ళు, గింజలు, పళ్ళు వేళకు తినిపించింది. బుగ్గలు వచ్చాయి. బొచ్చు నిగనిగలాడింది. అడవి వాడికి మళ్ళీ కాపలా అప్పగించింది.

కానీ ఆకు మానిన నోరు ఊరుకుంటుందా? ఆకు గుర్తొచ్చినప్పుడల్లా చెంగయ్య తేనెపట్టు మీద పడేవాడు. పొద్దున ఒక పట్టు, మధ్యాహ్నం ఒక పట్టు, ఊసుపోక ఇంకో పట్టు. బుగ్గల వెనకాలే బొజ్జ కూడా వచ్చేసింది.

ఇక అందరికీ వేళాకోళమే.

"చెంగయ్య మామా, నువ్వు ఎక్కితే చెట్టు మూలుగుతోంది!" అంది ఉడుత.

"కదలకు మామా, నీ బొజ్జ నీడలో మా పిల్లలు హాయిగా పడుకున్నారు" అంది చిలుక.

చెంగయ్య బావమరిది అయితే మరీను. "బావా, రేపు అందరి ముందూ చిటారుకొమ్మ ఎక్కు. విరిగిందా, కాపలా నాది. నువ్వు కింద కూర్చుని తిన్నది అరిగించుకుందువుగాని" అన్నాడు.

చెంగయ్య ముఖం వాడిపోయింది. సరిగ్గా అప్పుడే పొదలోంచి గుంటనక్క తల బయట పెట్టింది.

"చెంగయ్య గారూ! ఎంత నాజూగ్గా ఉండేవారండీ! ఒక్క ఆకు నమలండి. ఒక్కటంటే ఒక్కటే. బొజ్జ ఇట్టే కరిగిపోతుంది" అంటూ మత్తాకు చేతిలో పెట్టింది.

ఆ వాసనకే చెంగయ్య నోరు ఊరింది. ఆకును గుప్పిట్లో దాచుకుని పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"సన్నబడాలి పెద్దమ్మా!"

"ఒరేయ్ చెంగా, నీ ఒంట్లో రెండు రకాల బరువుంది. ఒకటి నువ్వు చావు తప్పి కోలుకున్న బరువు. అది పోకూడదు. రెండోది నా తేనెపట్లది. దొంగెవడా అని ఇన్నాళ్ళూ వెతుకుతున్నాను!"

చెంగయ్య గబగబా మూతి తుడుచుకున్నాడు.

"ఆ రెండోది మెల్లగా తగ్గుతుందిలే. వేళకు తిను. పొద్దున్నే నాలుగు కొమ్మలు దూకు. ఆకు మీదికి మనసు పోయినప్పుడు తేనె దగ్గరికి కాదు, నా దగ్గరికి రా, కబుర్లు చెప్పుకుందాం."

"మరి కొమ్మ విరిగితే? నా కాపలా పోతుంది కదా!"

"పోతే పోనీరా. కాపలా మళ్ళీ తెచ్చుకోవచ్చు. మళ్ళీ ఆ ఆకు నమిలి నువ్వు పోతే నిన్నెక్కడ తెచ్చుకుంటాం?" అంది పెద్దమ్మ.

మర్నాడు అందరూ చూస్తుండగా చెంగయ్య చెట్టెక్కాడు. గుప్పిట్లో ఆకు ఇంకా ఉంది. చిటారుకొమ్మ కిర్రుమంది. "నమలండి, నమలండి" అని కింద నక్క సైగ చేసింది. చెంగయ్య ఆకును చూశాడు. కింద మేస్తున్న తల్లిజింకను, దాని కొత్త పిల్లను చూశాడు. ఆకును విసిరికొట్టాడు. అది పోయి నక్క మూతికి అంటుకుంది.

అదే క్షణంలో చెట్టు మొదట్లో పొద కదిలింది. మచ్చలు కనిపించాయి.

"ఖొక్! ఖొక్! ఖొక్!"

జింకలు చెంగుచెంగున పారిపోయాయి. అరిచిన ఊపుకి కొమ్మ ఫట్‌మంది. చెంగయ్య, బొజ్జతో సహా, వచ్చి చిరుత నడుం మీద దభీమని పడ్డాడు.

"అమ్మో, ఆకాశం విరిగి పడింది!" అంటూ చిరుత నక్కను తొక్కుకుంటూ వాగు దాటి పారిపోయింది. ఆ వెనకే నక్క కుంటుకుంటూ పోయింది.

బావమరిది పక్కచెట్టు దిగి గొణిగాడు. "కొమ్మయితే విరిగింది కదా..."

"విరిగితే కింది కొమ్మ మీద కూర్చుంటాడు. మాకు మెలకువగా ఉండేవాడు కావాలి. సన్నగా ఉండేవాడు కాదు" అంది తిరిగొచ్చిన తల్లిజింక.

ఆ సాయంత్రం చెంగయ్య వాగు నీళ్ళల్లో బొజ్జ చూసుకుని, ముద్దుగా ఒకసారి తట్టుకున్నాడు.

"మూతికి ఏంట్రా ఆ జిగురు?" అంది వెనక నుంచి పెద్దమ్మ.

"నిన్న మూడు పట్లు పెద్దమ్మా. ఇవాళ ఒక్కటే!"

నీతి: మత్తు మాని కోలుకునేవాళ్ళు ఒళ్ళు చేస్తే సిగ్గుపడక్కర్లేదు. బొజ్జ నిదానంగా తగ్గుతుంది. దాన్ని తగ్గించుకోవడానికి మళ్ళీ మత్తు ముట్టుకుంటే మనమే మిగలం.