ఈరమ్మ కాళ్ళూ గురవయ్య ముద్దలూ

ఎర్రమట్టి గుట్టకు తూర్పు వాలులో ఇప్పచెట్లు గుంపుగా ఉండేవి. వాటి కింద చుక్కల దుప్పుల మంద మేసేది. కొమ్మల మీద కొండముచ్చులు కాపురం ఉండేవి. పైవాళ్ళు తుంచి పడేసిన చిగుళ్ళు కిందివాళ్ళు తినేవాళ్ళు, కిందివాళ్ళు పసిగట్టిన వాసన పైవాళ్ళకు చెప్పేవాళ్ళు. అలా ఇచ్చిపుచ్చుకుంటూ ఇరుగుపొరుగుగా బతుకుతున్నారు. నీళ్ళకు మాత్రం దుప్పులు లోయలోకి దిగి వాగు దాకా పోవాల్సిందే. ఆ దారి పొడుగునా పొదలు. కాళ్ళు చురుగ్గా ఉన్నవాళ్ళే దిగి, మళ్ళీ ఎక్కి వచ్చేవాళ్ళు.

ఆ మందలో ఈరమ్మ అనే ఆడదుప్పికి కాళ్ళతోనే చిక్కు వచ్చింది. తెల్లవారి లేవబోతే మోకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉండేవి. కాసేపు అటూ ఇటూ తిరిగితే గానీ వదిలేవి కావు. కొన్నాళ్ళు బాగుండేది, కొన్నాళ్ళు వాచేవి. ముల్లు గుచ్చుకోలేదు, దెబ్బ తగల్లేదు. పోయినేడు గుట్ట వెనక గుహలో ఉండే ఎలుగుబంటి బయ్యన్న దగ్గరికి వెళ్ళింది. ఆ అడవిలో వైద్యం తెలిసినవాడు ఆయనే.

బయ్యన్న కీళ్ళు తాకి చూశాడు. "మన ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారు తల్లీ. బయటి నుంచి వచ్చే జబ్బుల్ని తరిమేది వాళ్ళే. నీ ఒంట్లో వాళ్ళకు ఇంటివాళ్ళెవరో దొంగలెవరో తెలియకుండా పోయింది. నీ కీళ్ళనే కరుస్తున్నారు. కంచే చేను మేయడమంటే ఇదే" అన్నాడు.

ఒక చెట్టు చూపించి, దాని బెరడు రోజూ పొద్దున్నే నమలమన్నాడు. అది కాపలావాళ్ళను కొంచెం మత్తులో ఉంచుతుందట. వాళ్ళు మత్తులో ఉంటారు కాబట్టి పాచినీళ్ళూ, కుళ్ళిన పళ్ళూ ముట్టవద్దని గట్టిగా చెప్పాడు. పూర్తిగా నయమవుతుందా అని ఈరమ్మ అడిగితే, అవుతుందని మాటివ్వలేననీ, అదుపులో మాత్రం ఉంటుందనీ అన్నాడు.

బెరడు పనిచేసింది. ఈరమ్మ మళ్ళీ పరుగెత్తగలిగింది. కానీ ఆ 'అదుపు' అన్న మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. నోరంతా చేదు, మేత సహించదు. ఈ మధ్యనే పుట్టిన కూతురు పొన్ని ఇంకా తడబడుతూనే గంతులు వేస్తోంది. పొద్దున్నే కళ్ళు తెరవగానే ఈరమ్మకు వచ్చే మొదటి ఆలోచన, ఈ రోజు కాళ్ళు లేస్తాయా అని. లేచాక రెండోది, రేపు లేస్తాయా అని. ఏ పొద కదిలినా పులి కన్నా ముందు తన మోకాళ్ళే గుర్తొచ్చేవి.

ఇలా ఉండగా ఎండాకాలంలో వాగు అవతలి బండ మీదికి ఒక నక్క వచ్చి చేరింది. మూతి నెరిసింది, మాట మెత్తన. మాంసం మానేశాననీ, ఇప్పపూలే తిని బతుకుతున్నాననీ చెప్పుకునేది. దాని పేరు గురవయ్య. ఎప్పుడూ బండ దిగి దగ్గరికి వచ్చేది కాదు. అందుకే దుప్పులు కూడా దానికి అలవాటు పడ్డాయి.

ఒక రోజు నీళ్ళు తాగి వెళుతున్న ఈరమ్మను పలకరించింది.

"అమ్మాయీ, కుడి ముంగాలు కాస్త ఈడుస్తున్నావు. కీళ్ళ నొప్పులా?"

ఈరమ్మ ఉలిక్కిపడింది. మందలో ఎవరికీ కనపడకుండా నడుస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ.

"కొంచెం. మందు తింటున్నాను."

"ఆ ఎలుగు ఇచ్చే బెరడేనా? అది కాపలావాళ్ళను జోకొడుతుంది. నిద్ర లేచాక వాళ్ళు మళ్ళీ కరవరూ?"

"మరేం చెయ్యను?"

"జబ్బు కీళ్ళలో లేదమ్మా, కడుపులో ఉంది. కడుపులో కంటికి కనపడని జీవులుంటాయి, కోటానుకోట్లు. మంచివి తగ్గిపోతే కాపలావాళ్ళకు బుద్ధి చెప్పే పెద్దలు లేనట్టే." నక్క ఆకు విప్పి పులిసిన ఇప్పపూల ముద్ద చూపించింది. పక్కనే మరో ఆకులో తెల్లటి పొడి. "ఈ ముద్ద నిండా ఆ మంచి జీవులే. ఈ గడ్డల పొడి వాటికి మేత. రెండూ కలిపి తింటే పెద్దలు మళ్ళీ కొలువుకొస్తారు."

"రెండూ తింటూ బెరడు కూడా నమలొచ్చా?"

"అదొక్కటే కుదరదు" అంది గురవయ్య. "బెరడు విషంలాంటిది. ఈ జీవులన్నీ చచ్చిపోతాయి. అది మానేస్తేనే ఇది పనిచేసేది. ఆలోచించుకో. నాకేం తొందర లేదు."

ఈరమ్మ ఆలోచనలోనే కొండ ఎక్కింది. సంగతంతా పొరుగున ఉండే కొండముచ్చు నాంచారికి చెప్పింది. నాంచారి సంబరపడింది. తను ఆ ముద్దలు తినడం మొదలుపెట్టి చాలా రోజులైందట. ఆకులు తిని తిని ఉబ్బిపోయే కడుపు ఇప్పుడు తేలిగ్గా ఉందట.

"నాకు పనిచేసింది వదినా. నీకెందుకు చెయ్యదు?" అంది.

నాంచారి అబద్ధం చెప్పలేదు. దాని కడుపు నిజంగానే తేలికపడింది. కడుపుబ్బరమూ కీళ్ళజబ్బూ ఒకటి కాదన్న సంగతి ఆ పూట ఇద్దరికీ తోచలేదు, అంతే. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు, ఈరమ్మకు వినాలని ఉన్న మాటే నక్క చెప్పింది. మర్నాడు పొద్దున బెరడు నమల్లేదు. వాగు దగ్గర గురవయ్య బండ అంచున పెట్టిన ముద్దా పొడీ తినేసింది.

మొదట్లో హాయిగానే ఉంది. నోట్లో చేదు పోయింది. మేత రుచించింది. కాళ్ళు కూడా తేలిగ్గా ఉన్నట్టే అనిపించింది. అన్నాళ్ళు తిన్న బెరడు బలం ఒంట్లో ఇంకా మిగిలి ఉందని ఆమెకు తెలియదు. పొన్నితో కలిసి చిన్న గంతు కూడా వేసింది. గురవయ్య అరచేతిలో చూపించిన వైకుంఠం నిజంగానే కనపడింది.

నక్క రోజూ ఒక చిన్న పరీక్ష పెట్టేది. "మందు ఎంతవరకు ఎక్కిందో చూద్దాం. ఆ చింతచెట్టు దాకా ఉరికి రా అమ్మాయీ" అనేది. ఈరమ్మ ఉరికి వచ్చేది. నక్క తల పంకించి, ఇంకా కొన్నాళ్ళు పడుతుందనేది.

తర్వాత పొద్దుటి బిగువు మళ్ళీ మొదలైంది. అది ఎండ ఎక్కేదాకా వదలడం మానేసింది. మోకాళ్ళు మారేడుకాయల్లా వాచాయి. భయపడి అడిగితే, జబ్బు బయటికి పోయేముందు ఒకసారి పొంగుతుందనీ, ఇప్పుడు ఆపితే మొత్తం పాడవుతుందనీ నక్క చెప్పింది. ముద్దలు రెండింతలు చేసింది. ఈరమ్మకు బయ్యన్న దగ్గరికి పోవాలని ఉంది. కానీ ఆయన మందు తనంతట తానే మానేసి ఏ మొహంతో వెళ్ళడం? మంద నీళ్ళకు దిగుతుంటే ఆమె అందరికన్నా వెనకబడేది. పొన్ని ఆమె కోసం ఆగేది. ముందుకు పొమ్మని తల్లి కసిరితే, పిల్ల రెండడుగులు వేసి మళ్ళీ ఆగేది. అది చూస్తే ఈరమ్మకు ఒకటే దిగులు. తను పడిపోతే పిల్ల తనను వదిలి పారిపోదు.

ఒక సాయంత్రం గురవయ్య మళ్ళీ ఉరకమంది. ఈరమ్మ సగం దూరం కూడా పోలేక మోకాళ్ళ మీద కూలబడింది. నొప్పితో తల తిప్పి చూసింది. నక్క ఆమె మొహం వంక చూడటం లేదు. చెట్టుకూ ఆమెకూ మధ్య మిగిలిన దూరాన్ని చూస్తోంది. నెరిసిన మూతి మీద నాలుక ఒకసారి ఆడింది. తోక మెల్లగా ఊగింది. వైద్యుడెవరైనా రోగి పడిపోతే సంతోషిస్తాడా?

ఆమె లేచి, కాలీడ్చుకుంటూ కొండ ఎక్కింది. ఇప్పచెట్టు కింద నాంచారి ఆమె కోసమే ఎదురుచూస్తోంది. నాంచారి మొహం మాడిపోయి ఉంది. ఆ మధ్యాహ్నం ఎత్తుకొమ్మ మీద నుంచి చూసిందట. మాంసం మానేసిన గురవయ్య దుమ్ములగొండి గుహ ముందు కూర్చుని దానితో కలిసి ఎముక కొరుకుతోందట. తల్లి ఇక ఎంతో దూరం పోలేదనీ, తల్లి నీకు, పిల్ల నాకు అనీ చెబుతోందట.

"నేనే నీ గొంతు కోశాను వదినా" అంది నాంచారి.

ఈరమ్మ పొన్నిని మంద మధ్యలోకి తోసి, ఆ సందెవెలుగులోనే మూడు కాళ్ళ మీద బయ్యన్న గుహకు వెళ్ళింది.

బయ్యన్న కోప్పడతాడనుకుంది. ఆయన ఒక్కొక్క కీలూ నొక్కి చూశాడు. చివరికి, ఇన్నాళ్ళూ రాకుండా ఎందుకున్నావని మాత్రం అడిగాడు.

"సిగ్గేసింది" అంది ఈరమ్మ. "ఆ నక్క చెప్పిందంతా అబద్ధమేనా తాతా?"

"అంతా అబద్ధమైతే నువ్వే పట్టేసేదానివి. కడుపులో జీవులున్న మాట నిజం. వాటికీ కాపలావాళ్ళకూ ఏదో లంకె ఉందనే నాకూ తోస్తుంది. నీలాంటి జబ్బున్నవాళ్ళు కొందరు పులిసింది తిని కాస్త ఉపశమనంగా ఉందన్నారు. కొందరికి ఏమీ కాలేదు. ఎవరికి, ఏది, ఎంత అంటే నాకు తెలియదు. తెలుసన్నవాళ్ళను నేనింకా చూడలేదు."

"మరి తినొచ్చా?"

"తింటే మందు పక్కన తినాలి, మందు స్థానంలో కాదు. అది కూడా తెలిసినవాళ్ళ చేతిది, తాజాది, నాకు చెప్పి. బెరడు తినేవాళ్ళకు కాపలా మత్తులో ఉంటుందని చెప్పాను కదా. ఊరూపేరూ లేని ముద్దలో ఏముందో ఎవరు చూశారు? అందరికీ మేలు చేసే జీవి కూడా కాపలా లేని ఇంట్లో దొంగ కావచ్చు."

ఆమె బెరడు మళ్ళీ మొదలుపెట్టింది. అది ఒక్కరోజులో ఎక్కే మందు కాదు. ఆ రోజులు ఈరమ్మకు ఏళ్ళలా గడిచాయి. వాగుకు పోకుండా నాంచారి తెచ్చిపడేసే నీరున్న కాయలు తిని గుట్ట మీదే దాక్కుంది. వాపు మెల్లగా దిగింది. అయితే గుట్ట మీద ఎంతకాలమని దాక్కుంటుంది? కింద గురవయ్య ఒక ముసలి కుందేలుకు కూడా తాగే కషాయం మాన్పించి ముద్దలు పెడుతోందని కబురొచ్చింది. తను తప్పుకుంటే ఆ ముద్ద ఇంకొకరి నోట్లోకి పోతుంది.

అప్పుడామె ఒక నిర్ణయానికి వచ్చింది. ఒక సాయంత్రం కాలు ఎత్తి కుంటుకుంటూ వాగు దగ్గరికి దిగింది.

"ఏమైపోయావు అమ్మాయీ?" అంది గురవయ్య.

"కదల్లేకపోయాను. ఇక ఈ కొండ ఎక్కలేను కూడా. పిల్లను మందకు వదిలేశాను. రేపు ఆ మద్దిచెట్టు కిందే పడి ఉంటాను. పొద్దున్నే ముద్ద అక్కడికే తెచ్చిపెడతావా?"

"తప్పకుండా. పొద్దున్నే వస్తాను" అంది నక్క. పొద్దున్నే ఆమె కాళ్ళు పూర్తిగా బిగుసుకుని ఉంటాయని దానికి బాగా తెలుసు.

ఈరమ్మకు ఆ రాత్రి కన్ను మూతపడలేదు. కాళ్ళు మాట వింటాయో వినవో ఆమెకే తెలియదు. ఇంకా చీకటి ఉండగానే లేచింది. మోకాళ్ళు మొరాయించాయి. పళ్ళు బిగపట్టి చెట్టు చుట్టూ నడిచింది. ఆగితే బిగుస్తాయని ఆగకుండా నడిచింది. తూరుపు తెల్లబడేసరికి కీళ్ళు వదిలాయి. అప్పుడు మద్దిమానుకు ఆనుకుని, ఒక ముంగాలు ఎత్తి, తల వేలాడేసి నిలబడింది. పైకొమ్మలో నాంచారి ఊపిరి బిగబట్టి కూర్చుంది.

పొద వెనక నుంచి ముందు గురవయ్య వచ్చింది. దాని వెనక దుమ్ములగొండి. నక్క ఆకు కూడా తేలేదు.

"చూశావా, నిలబడలేకపోతోంది" అంది నక్క. "తొందరేం లేదు, నింపాదిగా రా."

దుమ్ములగొండి నింపాదిగానే వచ్చింది. అది దూకే అదనుకు నాంచారి ఖర్రుమని అరిచింది. ఈరమ్మ ఎత్తిన కాలు నేల మోపి, ఒక్క ఊపున పైకి లేచింది. మొదటి గంతుకు మోకాలు సూదులతో పొడిచినట్టయింది. రెండో గంతుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. పొదలు దాటింది, బండలు దాటింది, వాలు ఎక్కింది. దుమ్ములగొండి కాసేపు తరిమి, రొప్పుతూ ఆగిపోయింది. దాని ఒళ్ళు పరుగుకు వంగి చాలాకాలమైంది. నక్క మాట నమ్మి, ఆ రాత్రి వేరే వేటకు కూడా పోలేదు.

అది వెనక్కి తిరిగి గురవయ్య దగ్గరికి వచ్చింది.

"లేవలేదన్నావు."

"నిన్న సాయంత్రం నిజంగానే..."

"పిల్ల నీకన్నావు, తల్లి నాకన్నావు. పిల్లా లేదు, తల్లీ లేదు. నువ్వున్నావు."

గురవయ్య వెనక్కి తిరిగి దూకేలోపే ఆ బలమైన దవడలు దాని వెనక కాలిని పట్టుకున్నాయి. నక్క ఎలాగో పెనుగులాడి, సగం తోక వదిలేసి వాగు దిగువకు పరుగు పెట్టింది. మళ్ళీ ఆ బండ మీద ఎవరికీ కనపడలేదు. ముసలి కుందేలు ఆ రోజే తన పాత కషాయం మళ్ళీ మొదలుపెట్టింది.

ఈరమ్మ గుట్ట మీదికి చేరి పొన్ని పక్కన కూలబడింది. పిల్ల తల్లి మోకాళ్ళు నాకింది. జబ్బు పోయిందా అని అడిగింది. పోలేదనీ, రేపు పొద్దున మళ్ళీ నొప్పిగానే లేస్తాననీ ఈరమ్మ చెప్పింది. అయినా ఎన్నడూ లేనిది, రేపటి గురించి దిగులు పడకుండా ఆ పొద్దుటి బెరడు నమలడం మొదలుపెట్టింది.

నీతి: సగం నిజం చూపించి ఉన్న మందు మాన్పించేవాడు, పూర్తి అబద్ధాలకోరు కన్నా ప్రమాదకారి.