నూకయ్య పైట

గోదారి ఇప్పటి దారిన కాక వేరే దారిన పారిన నాటి మాట ఇది. పొద్దు బారెడెక్కిన వేళ, లంకలో సూరమ్మ పసికూతురికి కడుపునిండా పాలిచ్చి, అత్త చేతికి అందించి, వంకాయల గంపతో పడవెక్కింది. అవతలి గట్టున సంత. మధ్యాహ్నానికి తిరిగి రావాలి.

గంప ఖాళీ అయ్యేలోగా వరద వచ్చింది. ఉన్న ఒక్క పడవా కొట్టుకుపోయింది. బిడ్డ ఆ గట్టున, తల్లి ఈ గట్టున. లంకలో పాలిచ్చే తల్లి మరొకతె లేదు. పాడి ఆవూ లేదు.

పడవ నడిపే నూకయ్య ముసలివాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, గుబురు మీసాలు. ఎండిన సొరబుర్రలు నడుముకు కట్టుకుంటే ఏరు ఈదగలడు. మనిషిని మాత్రం మోసుకుపోలేడు.

"పాలు పిండియ్యి తల్లీ. నెత్తిన కట్టుకుని తీసుకెళ్తాను," అన్నాడు.

సంతలో ఒక ముసలమ్మ చిన్న సొరబుర్రను వేడినీళ్లతో కడిగిచ్చింది. సూరమ్మ చాటుకు వెళ్లి పిండింది. బుర్ర మూతికి అరటాకు బిగించి నూకయ్య ఏట్లో దిగాడు.

మర్నాడు తిరిగొచ్చాడు.

"తాగిందా బాబాయ్?"

"తాగింది. నవ్వింది."

బెంగతో ఆ పొద్దున సూరమ్మకు చుక్క పాలు రాలేదు. ఆ మాట వినగానే చేపుకొచ్చాయి.

"నీ పైట చెంగు ఓ ముక్క చింపియ్యి తల్లీ. బుర్రకు ఎండ తగలకుండా చుడతాను," అన్నాడు నూకయ్య. చింపి ఇచ్చింది.

మూడోనాడు సూరమ్మ ముందే పాలు పిండి, బుర్రను తడి ఇసుకలో పెట్టి ఎదురుచూసింది.

"తాగిందా బాబాయ్?"

"తాగింది. నవ్వింది."

ఆ మర్నాడు వరద తీసింది. ఎగువ ఊరి పడవలో సూరమ్మ ఇల్లు చేరింది. అరుగు మీద నూకయ్య కూర్చుని ఉన్నాడు. భుజాన ఆమె పైట ముక్క, ఒళ్లో బిడ్డ, చేతిలో ఉగ్గుగిన్నె. చుట్టూ ఊరి మగాళ్లు.

"నూకయ్యా, పైట జారుతోంది. సర్దుకో."

"ముందు దీన్ని తాగనివ్వండ్రా. తర్వాత నవ్వుదురుగాని."

సూరమ్మను చూసి గిన్నె కింద పెట్టాడు. "తాగింది. నవ్వింది," అన్నాడు.

నూకయ్య పోయి ఎన్ని తరాలైందో ఎవరూ చెప్పలేరు. తల్లి పనికెళ్లిన ఇంట, పిండి ఉంచిన పాలు పట్టేవాళ్లు, మగాళ్లైనా సరే, ఆమె పైట భుజాన వేసుకుంటారు. దాన్ని నూకయ్య పైట అంటారు. తల్లి వచ్చి అడిగితే ఆ లంకలో ఒకటే జవాబు: తాగింది, నవ్వింది.

ఆ జవాబు వెనక సంగతి సూరమ్మకు కొన్నాళ్లకు గాని తెలియలేదు. పప్పు రుబ్బుతూ అత్త చెప్పింది.

"మొదటి రోజు నేను పడితే తాగలేదే. మీ ఆయన పడితే తాగలేదు. నూకయ్య పడితే తాగలేదు. బుర్రెడు పాలూ ఉమ్మేసింది. నీకు తెలిస్తే ఉన్న పాలు ఇంకిపోతాయి, చెప్పొద్దన్నాడు. వాళ్లమ్మ వాసన తెస్తానుండండి అని, తెల్లారగానే మళ్లీ ఏట్లో దిగాడు."