మూడు గింజల మొక్కు

అనగనగా గోదారి పక్కన ఒక ఊళ్ళో సూరాయమ్మ అని ఒకావిడ ఉండేది. ఇదిగో, కాళ్ళాడించకుండా వింటేనే చెబుతాను! ఆవిడకి ఒక్కతే కూతురు, నాలుగేళ్ళది. ఒక ఏడు ఆ పిల్లకి జ్వరమొచ్చి కళ్ళు తేలేసింది. వైద్యుడు కూడా పెదవి విరిచేశాడు.

అప్పుడు సూరాయమ్మ దేవుడి పటం ముందు కూలబడింది. "రామయ్యా, నా పిల్ల లేచి కూర్చుంటే నీ పెళ్ళికి మానెడు గోటి తలంబ్రాలు తెస్తాను" అని మొక్కుకుంది. మర్నాడు పొద్దున్నే పిల్ల లేచి "అమ్మా, ఆకలి" అంది.

గోటి తలంబ్రాలంటే తెలుసా బంగారం? వడ్లు రోట్లో వేసి దంచకూడదు. ఒక్కో గింజా గోటితో ఒలవాలి. దేవుడి నెత్తిన పడే గింజకి రోకలి దెబ్బ తగలకూడదని ఆ ఊరివాళ్ళ పట్టింపు. మానెడు ఒలవాలంటే మాటలా!

మొదట సూరాయమ్మ అరుగు మీద కూర్చుని, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుంటూ ఒలిచింది. చూస్తే సగం నూకలే. ఆ తర్వాత తలుపేసుకుని ఒలిచింది. ఒలుస్తోందన్న మాటేగానీ, తలంబ్రాలు ఒలుస్తున్న ఎదురింటివాళ్ళ మానిక తనకన్నా ముందు నిండిపోతుందేమోనని ధ్యాసంతా అటే. గోళ్ళు అరిగి, వేళ్ళు పుళ్ళయ్యాయి. మానికలో గుప్పెడే ఉన్నాయి.

రేపు పెళ్ళనగా ఏం చేసిందో తెలుసా? వడ్లు రోట్లో పోసి దంచేసింది! అందులో విరగని గింజలు ఏరి, తన గుప్పెడు గింజల్లో కలిపేసి, మానిక నింపేసింది. ఎవరు కనిపెడతారులే అనుకుంది, పిచ్చిది.

మర్నాడు మేళతాళాలతో గుడికి బయల్దేరారు. అందరికంటే ముందు సూరాయమ్మ, నెత్తిన మానిక. "ఎంత భక్తో!" అన్నారు అమ్మలక్కలు. పక్కన కొంగు పట్టుకుని నడుస్తున్న పిల్ల తలెత్తి, "అమ్మా, అన్నీ నాకోసం నువ్వే ఒలిచావా?" అంది.

అంతే. సూరాయమ్మకి గుడి గడప దాటడానికి కాలు రాలేదు. నిజం చెబితే మొక్కు తీరనట్టే, పిల్లకేమవుతుందో! చెప్పకపోతే దేవుడి నెత్తిన అబద్ధం పోసినట్టే.

అప్పుడు మానిక కిందికి దించి, అందరూ వింటుండగా, "ఆచార్యులుగారూ, ఇందులో గుప్పెడే నావి. మిగతావి రోకలివి. ఏవి ఏవో నాకే తెలీడం లేదు" అని భోరుమంది.

మేళం ఆగిపోయింది. పూజారి ఆచార్యులుగారు ముసలాయన. పిచ్చుకల కోసం చూరుకి కట్టిన వరికుచ్చులోంచి ఒక కంకి తెంపి ఆవిడ చేతిలో పెట్టి, "కూర్చో తల్లీ, ఒలువు" అన్నారు.

"ముహూర్తం దాటిపోతుందండీ!" అన్నారెవరో.

"పద్నాలుగేళ్ళు అడవిలో ఉన్నవాడయ్యా, ఈవిడ కోసం కాసేపు ఆగలేడా?" అన్నారాయన.

సూరాయమ్మ గడప దగ్గరే కూర్చుంది. కబుర్లు లేవు. ఎదురింటి మానిక గుర్తు లేదు. పుండైన వేలితో ఒక గింజ ఒలిచింది. ఊరు ఊరంతా నిలబడి ఉందా, ఆ పొట్టు చిట్లిన చప్పుడు గుడంతా వినిపించింది! ఆ తర్వాత రెండోది. ఆ తర్వాత మూడోది. ఇంక వేళ్ళు ఆడలేదు.

ఆచార్యులుగారు ఆ మూడు గింజలూ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. ఒకటి రాముడి తల మీద వేశారు. ఒకటి సీతమ్మ తల మీద వేశారు. మూడోది తెచ్చి ఆ పిల్ల నెత్తిన వేసి, "నీ మొక్కు తీరింది తల్లీ" అన్నారు. అప్పుడు మోగింది మేళం!

తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుందే. ఏమిటలా చూస్తావు? ఆ పిల్లకేమీ కాలేదు. పెద్దదైంది, పెళ్ళయింది, మీ అమ్మని కంది, ఇప్పుడు నిన్ను పక్కలో వేసుకుని కథ చెబుతోంది. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు. ఆ గింజ పడింది ఇదిగో, ఇక్కడే, నా పాపిట్లో.

గింజేమో గుడికెళ్ళింది,
కథేమో కంచికెళ్ళింది,
నిద్రేమో మనింటికొచ్చింది,
నీ కంటి మీద కూర్చుంది.