ఏ గూటి పిట్టో

దావీదు మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదండీ, పని వస్తుంది. ఆయన శిష్యులందరికీ తెలిసిన సంగతే ఇది. అయినా ఆ మధ్యాహ్నం బస్టాండులో ఇందుమతి అడగకుండా ఉండలేకపోయింది.

పాపం, ఆమె బెంగ ఆమెది. కొండ తవ్వకంలో దొరికిన సన్నటి ఎముకలు ఆమె ఒళ్ళో డబ్బాలో ఉన్నాయి. లక్షల ఏళ్ళ కిందట పాడిన పిట్టలవి. వంశం అంతరించింది, పాటా పోయింది. వాటిని ఏ కుటుంబంలో చేర్చాలో రేపు యూనివర్సిటీ పెద్దల ముందు చెప్పాలి. కాలి ఎముక చూస్తే పికిలిపిట్టకి చుట్టంలా ఉంది, దవడ చూస్తే కాదంటోంది. తెలియదంటే పట్టా ఇస్తారా? పొద్దుటినుంచీ ముద్ద దిగలేదు.

"మాస్టారూ, పికిలిపిట్టల్లో కలిపేయమంటారా?"

ఆయన ఎదుటి బెంచీకేసి చూపించారు. మాటరాని ముసలమ్మ ఒకావిడ, తనవాళ్ళనుంచి తప్పిపోయి, బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. చుట్టూ జనం తలోవూరూ అంటగడుతున్నారు.

"నువ్వు చెప్పమ్మా, ఏ ఊరావిడ?" అన్నారు మాస్టారు.

ఇందుమతి చీరకట్టు చూసింది, కాళ్ళ కడియాలు చూసింది. బొబ్బిలి వైపే అని తేల్చింది. నమ్మకమేనా అంటే నూటికి నూరుపాళ్ళూ అంది. ఇంకేం, జనం ఆవిణ్ణి కదలబోతున్న బొబ్బిలి బస్సు ఎక్కించేశారు. ముసలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని ఒక్కొక్క మొహమే వెతుక్కుంటోంది.

బస్సు గేటు దాటిందో లేదో, ఒకాయన రొప్పుతూ వచ్చాడు. తునివాళ్ళమనీ, మూగ తల్లి తప్పిపోయిందనీ చెప్పి, చూశారా అని టీకొట్టతన్ని అడిగాడు.

"తుని ఆవిడెవరూ లేరు బాబూ. ఉన్నావిడది బొబ్బిలి. వాళ్ళ ఊరు పంపించేశాం."

ఆయన సరేనని రైల్వేస్టేషనుకేసి తిరిగాడు.

ఇందుమతి మరుక్షణం డబ్బా మాస్టారి చేతిలో పెట్టి, ఆ తుని ఆయన్ని కేకేసి, ఆటో ఎక్కించుకుని బస్సు వెంట పడింది. రైలుగేటు వేసి ఉండబట్టి దొరికింది గానీ! కొడుకుని చూసి ముసలమ్మ అతని వీపుమీద రెండు దెబ్బలేసి ఏడ్చింది. మరి ఆ చీరకట్టో అని ఇందుమతి నసిగితే, ఆయన కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు: "కట్టింది మా ఆవిడండీ. దానిది బొబ్బిలి."

తిరిగొచ్చేసరికి మాస్టారు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మరి వీటి సంగతి, మాస్టారూ?"

ఆయన డబ్బా జాగ్రత్తగా ఆమె చేతికిచ్చారు.

"వీటివాళ్ళు ఇంకా రాలేదమ్మా. అందాకా ఏ బస్సూ ఎక్కించకు."