శాస్త్రిగారి బిగిమూత

తేలుకొండ ప్రభువు బొల్లమరాజుకు నెలకో శాస్త్రం మీద మోజు. ఈ నెల లెక్కలు. పాఠం చెప్పేవారు ఆస్థాన గణితజ్ఞులు త్రివిక్రమశాస్త్రిగారు. ఆయన తలమీద వెంట్రుక లేదు. ఆ లోటు తలపాగా కప్పేస్తుంది. తల లోపలి లోటు కప్పే గుడ్డను మాత్రం ఇంతవరకూ ఏ నేతగాడూ నెయ్యలేదు.

"ప్రభూ, కొన్ని అంకెల గుంపులు మహా గట్టివి," అన్నారు శాస్త్రిగారు. "లోపలిదాన్ని దేనితో హెచ్చవేసినా గుంపు దాటదు. బయట కొన్ని ఉంటాయి, దాదాపు లోపలివే. అటు గుంపునూ ఇటు వాటినీ ఎంత పెంచుకుంటూ పోయినా, ఒకే ఒక్క అంకెను తోడిచ్చి హెచ్చవేస్తే చాలు, ప్రతిసారీ లోపల పడతాయి. వాటినీ కలుపుకుని మూత బిగిస్తే అదే బిగిమూత. అందరికీ తోడు రాగల అంకె దొరికిందా, అది పరీక్షాంకె!"

రాజు తొడ చరిచాడు. "మన కొలువునూ ఇలాగే బిగించండి!"

ఇంకేం, చాటింపు వేశారు. రాజుగారి పంక్తిలో భోంచేయాలంటే ఒక తోడును వెంటబెట్టుకుని వచ్చి రాజుగారి పరీక్ష నెగ్గాలి. జవాబు తోడు చెప్పినా చాలు. ప్రశ్న ప్రశ్నకూ కష్టం పెరుగుతుంది, తోడు మాత్రం మారకూడదు. మరి అందరికీ తోడు రాగలవారెవరు?

"ఎవరూ దొరక్కపోతే నేనే," అన్నారు శాస్త్రిగారు, మహా వినయంగా.

చూస్తుండగానే పంక్తి నిండా శాస్త్రిగారి బావమరుదులే. వాళ్లు నోరు తెరిచేది భోజనానికే. జవాబులన్నీ శాస్త్రిగారివి.

చివరికి పాతవాళ్లకూ పరీక్ష తప్పలేదు. కొలువులో చమత్కారి ఓబన్న వంతు వచ్చింది.

"నీకు తోడు రావడానికి నాకు తీరిక లేదోయ్," అన్నారు శాస్త్రిగారు. "రేపు మధ్యాహ్నంలోగా నెగ్గకపోతే నీ పీట మా రెండో అల్లుడిది."

ఓబన్న ఆ కొలువు తప్ప వేరే ఇల్లు ఎరగడు. నవ్వించడం తప్ప వేరే పని రాదు. ఊరు వదిలి ఎక్కడికి పోవాలి? దిగులుతో పాటు ఒళ్లు మండింది కూడా. ఆ మంటలోనే ఉపాయం తట్టింది.

మర్నాడు తెరలు దించిన పల్లకీతో సభకు వచ్చాడు.

"ప్రభూ, నా సంగతి తర్వాత. ముందు వీరిని పరీక్షించండి. శాస్త్రిగారి మామగారి పెరట్లో పుట్టి పెరిగారు. నోరు విప్పరు."

మామగారి పెరడు అనేసరికి శాస్త్రిగారి ముఖం విప్పారింది. "మావాళ్లే! మౌనవ్రతం కాబోలు. తోడు నేనున్నాగా!"

"రహస్యం చెబితే?" అడిగాడు రాజు.

"పైకి పొక్కనివ్వడు ప్రభూ," అన్నారు శాస్త్రిగారు.

"ఖజానా అప్పగిస్తే?"

"చచ్చినా ముట్టుకోడు."

"శత్రువులు మీదికొస్తే?"

"అంగుళం కదలడు. కొండలా కూర్చుంటాడు!"

"భేష్! పంక్తిలో పీట వేయండి!" అని రాజు తానే తెర తొలగించాడు.

లోపల జరీ తలపాగా చుట్టుకుని ఒక గుమ్మడికాయ కొలువుతీరి ఉంది.

సభ నోరు తెరిచింది. బావమరుదులు కూడా, ఈసారి భోజనం లేకుండానే.

"ఇదేమిటి ఓబన్నా?" గర్జించాడు రాజు.

"నేను ఒక్క అబద్ధం చెప్పలేదు ప్రభూ. శాస్త్రిగారూ చెప్పలేదు, పాపం. తప్పంతా పరీక్షది. తోడిచ్చే అంకెకు శాస్త్రంలో ఒక నియమం ఉంది. శాస్త్రిగారు అదొక్కటీ చెప్పడం మరిచారు."

"ఏమిటది?"

"అది సున్నా కాకూడదు ప్రభూ. సున్నాతో హెచ్చవేస్తే మహామంత్రీ సున్నాయే, గుమ్మడికాయా సున్నాయే. సున్నాకు ఏ గుంపులోనైనా చోటుంటుంది. ఇన్నాళ్లూ మీ పంక్తికి కాపలా కాసింది ఉత్త గుండుసున్నా!"

ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా శాస్త్రిగారి చేయి గబుక్కున తలమీదికి పోయింది. తలపాగా కాస్తా జారి కింద పడింది. నున్నటి గుండు సభ మధ్య నిగనిగలాడింది.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. సభ గొల్లుమంది. రాజు తన మెడలోని హారం తీసి ఓబన్న మెడలో వేసి, పక్కనే పీట వేయించాడు.

"బావమరుదులందరూ ఇళ్లకు పొండి," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "గుమ్మడికాయ ఒక్కటీ ఉండాలి. పరీక్ష నెగ్గింది కదా, ఇవాళ పంక్తిలో దాని పులుసే!"