నక్క మేస్త్రి వేసిన దారి

ఎండలు ముదిరి అడవిలో కుంటలన్నీ బురదయ్యాయి. నీళ్లంటూ మిగిలింది ఏటి మడుగులోనే. అక్కడికి పోయే బాటేమో అడవి దున్నలది. వాటి గిట్టల కింద పడితే చిన్న ప్రాణి పచ్చడే. అందుకే చిన్న జంతువులన్నీ కూడబలుక్కుని, పక్కగా తమకో ముళ్లకంచె దారి వేయించుకున్నాయి. మేస్త్రి నక్క.

దారి చూసిన ముసలి తాబేలు డిప్పమ్మ గుండెలో రాయి పడింది. దున్నలు అడ్డంగా దాటే చోట కంచె ఆగిపోయి, అవతల మళ్లీ మొదలైంది. ఆమె కుంట నిన్ననే ఎండింది. ఇవాళ మడుగు చేరకపోతే బతుకు లేదు.

“మేస్త్రీ, నడుమ ఆ ఖాళీ ఏంది నాయనా?”

“గోరంతను కొండంత చేస్తావేం అవ్వా? నాలుగంటే నాలుగు గెంతులు!”

“నీకు గెంతులు. నాకు ప్రాణసంకటం. దున్నల్ని ఏటి కింది వంపు గుండా తిరిగి పొమ్మనరాదా?”

“చూద్దాంలే.” దున్నల పెద్ద ఎదుట నిలబడాలంటే నక్కకు వణుకు.

డిప్పమ్మ నక్క తోక వైపు చూసింది. “సరే, దారి వేసినవాడే ముందు నడవాలిగా. నాకు చూపు ఆనదు. నీ తోక పట్టుకుని వస్తా.”

కుందేళ్లు, ఉడుతలు చుట్టూ చేరి చూస్తున్నాయి. కాదంటే పరువు పోతుంది. “దానికేం, రా అవ్వా!” అంది నక్క.

డిప్పమ్మ తోక కరుచుకుంది. కంచె ఉన్నంతమేరా నక్క గొప్పలు చెబుతూనే నడిచింది. ఖాళీలోకి దిగాక నోరు మూతపడింది. డిప్పమ్మకు అడుగు పడటం లేదు. భయంతో మెడ డిప్పలోకి లాక్కుపోతోంది. సగం కూడా దాటకముందే నేల అదిరింది.

“దున్నలు! వదులు అవ్వా!”

నోరు తెరిస్తే తోక జారుతుంది. ఆమె తెరవలేదు. ఉడుంపట్టు అంటారుగానీ, ఆ పూట తాబేలు పట్టు చూడాలి.

“నీ కాళ్లు మొక్కుతా, వదలవే తల్లీ!”

ఆమె కళ్లు మూసుకుని ఇంకా గట్టిగా కరిచింది. గెంతుదామంటే తోక రాదు. నక్క ఏడుస్తూ, రొప్పుతూ, ఆమెను ఈడ్చుకుంటూ వెళ్లి అవతలి కంచెలో పడింది. వెనకే మంద దడదడా దాటిపోయింది.

డిప్పమ్మ అప్పుడు నోరు తెరిచింది. “ఎన్ని గెంతులయ్యాయి మేస్త్రీ?”

నక్క బొచ్చూడిన తోక ముడుచుకుని నేరుగా దున్నల పెద్ద దగ్గరికి పోయి, కింది వంపు గుండా తిరిగి పొమ్మని బతిమాలింది. పెద్ద ఒప్పుకోవడంతో మర్నాటికి కంచె కలిసింది.

దారిని కొలవాల్సింది గెంతేవాడు కాదు, పాకేవాడు.