నూకరాజు ఇంటి పెళ్ళిలో వడ్డన

దామోదరం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన నోరు విప్పరు, చెప్పులు వేసుకుంటారు. కాకినాడలో ఒక కాలేజీలో వ్యాపార నిర్వహణ బోధించే ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. చెప్పులు వేసుకున్నారంటే ఎక్కడికో నడిపిస్తారని, అక్కడ ఏదో ఒకటి జరుగుతుందని, జరిగాక కూడా ఆయన పెద్దగా ఏమీ చెప్పరని తెలుసు. అందుకే కాళ్ళనొప్పులున్న శిష్యులు సందేహాలు కాస్త తక్కువ పెట్టుకునేవారు.

సింధూరకి కాళ్ళనొప్పులు లేవు గానీ తీరిక లేదు. వైశాఖంలో ఒక ఆదివారం పొద్దున విశాఖ నుంచి వచ్చి, రైలు దిగి నేరుగా మాస్టారింటికి చేరింది. ఎం.బి.ఏ. మొదటి ఏడు అయ్యాక వేసవిలో రెండు నెలలు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్ చేసి రిపోర్టు ఇవ్వాలి. తోటివాళ్ళంతా పెద్ద పెద్ద కంపెనీలకు పోతే, ఈ పిల్ల ముచ్చటపడి విశాఖలో ఒక స్టార్టప్‌లో చేరింది. నడవలేని పెద్దవాళ్ళకు వాకర్లు, చక్రాల కుర్చీలు, మంచాలు అద్దెకు పంపే కంపెనీ అది. మోటారు వైండింగు కొట్టు మీద రెండు గదులు, అయిదుగురు మనుషులు. చేరి మూడు వారాలైంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆమె అడిగింది కూడా. కంపెనీ పెట్టిన భార్గవ్ ఫోను చెవి నుంచి తియ్యకుండానే "చూస్తూ ఉండండి, మాట్లాడదాం" అనేవాడు. ఆమె చూస్తూనే ఉంది. అతను ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు.

"నాకు కుర్చీ ఇచ్చారు సార్, పని ఇవ్వలేదు," అంది సింధూర. "మా శ్రావ్యకి హైదరాబాద్‌లో మెళ్ళో కార్డు వేశారు. ఏ గంటకి ఏం చెయ్యాలో కాగితం మీద రాసిచ్చారు. అక్కడ ఒక ఖాళీ ఉందట, రేపటిలోగా చెప్పాలి. మీరు ఈ కాగితం మీద సంతకం పెడితే మారిపోతాను. లేదంటే నా వేసవి మట్టిగొట్టుకుపోయినట్టే. పని ఇవ్వని చోట ఏం నేర్చుకుంటాం సార్?"

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నారు. "మన కాలేజీ బస్సు నడిపే నూకరాజు కూతురి పెళ్ళి ఇవాళ, పెద్దాపురంలో. పద, భోంచేసి వద్దాం."

సింధూరకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తన బతుకు ఏమవుతుందో అని తను కొట్టుకుంటుంటే ఈయనకి పప్పన్నం గుర్తొచ్చింది. అయినా గురువుగారు కదా, వెంట నడిచింది.

వాళ్ళు వెళ్ళేసరికి పెళ్ళి అయిపోయింది, గందరగోళం మొదలైంది. మగపెళ్ళివారు ఒక బస్సులో వస్తారనుకుంటే రెండు బస్సుల్లో దిగారు. వడ్డనకి ఎనిమిది మంది రావలసింది ముగ్గురే వచ్చారు. కాలేజీ బస్సుని నత్తనడకన నడిపే నూకరాజు ఇక్కడ పందిరి ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగులు పెడుతున్నాడు. బంతిలో డెబ్భై మంది కూర్చున్నారు. అన్నం వడ్డించిన చోట పప్పు లేదు, పప్పు ఉన్న చోట నెయ్యి లేదు. ఆడపిల్ల తండ్రికి అంతకన్నా పరువు పోయే ఘడియ ఇంకోటి ఉండదు.

మాస్టారు ఇదేదీ పట్టనట్టు వెళ్ళి ఒక విస్తరి ముందు కూర్చున్నారు. సింధూర పందిరి గుంజ పక్కన నిలబడింది. ఎవరైనా వచ్చి ఏదైనా చెబుతారేమో అని చూసింది. ఎవరూ చెప్పలేదు. కాళ్ళ దగ్గరే నిండు బకెట్టు ఒకటి ఉంది, గరిటె అందులోనే ఉంది. దాన్ని దాటుకుంటూ ముగ్గురు మనుషులు వెళ్ళిపోయారు. ఆమె ఇంకాసేపు చూసి, చున్నీ నడుముకి బిగించి, బకెట్టు ఎత్తింది.

అది పెరుగు బకెట్టు.

హాస్టలు కంచంలో తిని పెరిగిన పిల్లకి ఏది ముందు పడినా ఒకటే. మొదటి నాలుగు విస్తళ్ళలో చకచకా పెరుగు వేసింది. అయిదో విస్తరిలో వెయ్యగానే మగపెళ్ళివారి పెద్దాయన, జరీ కండువా, బుర్రమీసాలు, పప్పన్నం ముద్ద చేతిలో అలాగే పట్టుకుని తలెత్తాడు. పెరుగు వచ్చిందంటే ఇక భోజనం అయిపోయినట్టే, చెయ్యి కడుక్కోవచ్చు అని అర్థం. బంతంతా ఆయన మొహం చూసి చప్పబడిపోయింది. నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమ్మా," అన్నాడాయన, "గుత్తొంకాయ మొహమైనా చూళ్ళేదు మేము. అప్పుడే లేచిపొమ్మంటున్నావేంటి?"

సింధూర బకెట్టు కింద పెట్టేసింది. "తప్పయిపోయింది తాతగారూ. వడ్డించడం నాకిదే మొదటిసారండి."

"పప్పులో పెరుగు తినడం నాకూ ఇదే మొదటిసారి!" అని ఆయన పందిరి ఎగిరేలా నవ్వాడు. "వెళ్ళు, వెళ్ళి వంకాయ పట్రా. పరిగెత్తు!"

బంతి మొత్తం నవ్వింది. నూకరాజుకి ఊపిరి ఆడింది. సింధూర పరిగెత్తింది.

ఇక ఆమెను ఆపినవాళ్ళు లేరు. పప్పు, కూర, పులుసు, చారు... ఏది ఎప్పుడు వెళ్ళాలో వంటాయనని అడిగి తెలుసుకుంది. మూడుసార్లు తిరిగేసరికి ఇంకో సంగతి కనిపించింది. వడ్డించేవాళ్ళందరూ గుమ్మం వైపు నుంచే మొదలుపెడుతున్నారు. ఆ చివరికి చేరేసరికి గరిటెకి అడుగు తగులుతోంది. అక్కడ కూర్చున్న ఇద్దరు ముసలమ్మలు ఒక్క మాటా అనకుండా ఆవకాయతోనే అన్నం కలుపుకుంటున్నారు. ఆమె మళ్ళీ వంటశాలకి పోయి, గిన్నె నింపుకుని, పందిరి వెనకనుంచి చుట్టూ తిరిగొచ్చి, ఆ చివరి విస్తరి దగ్గర మొదలుపెట్టింది.

"మా వైపు నుంచి కూడా మొదలెడతారేంటమ్మా!" అంది ముసలమ్మ, పొగలు కక్కే వంకాయని చూసి. సింధూర ఆమెకి ఇంకో వంకాయ వేసి ముందుకి కదిలింది. ఇది గమనించి వడ్డన కుర్రాళ్ళలో ఒకడు, ఎవరూ చెప్పకుండానే, పులుసు బకెట్టుతో ఆమె వెనకే వచ్చాడు.

ఈ అమ్మాయి ఎవరి తాలూకు అని మగపెళ్ళివారు అడిగితే, మీ తాలూకే అనుకున్నామండి అన్నారు ఆడపెళ్ళివారు. మాస్టారి విస్తరి దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన తలైనా ఎత్తకుండా, ఎవరో తెలియనట్టు, "అమ్మాయ్, చారు పైతేట వెయ్యి," అన్నారు. అంతలో నూకరాజు భార్య మంగ వంటశాల గుమ్మంలోంచి కేకేసింది: "ఏమే పిల్లా, ఎక్కడ చచ్చావు! మూడో బంతి కూర్చుంటోంది, అప్పడాల బుట్ట పట్రా!"

మూడు వారాలుగా ఎవరూ పల్లెత్తు మాట అనని పిల్లకి ఆ తిట్టు వినగానే ప్రాణం లేచొచ్చింది. బుట్ట పట్టుకుని దాదాపు గెంతుతూ వెళ్ళింది.

మూడున్నరకి ఇంటివాళ్ళతో కలిసి ఆఖరి బంతిలో కూర్చుంది. వంకాయ అయిపోయింది. పెరుగన్నం, ఆవకాయ మిగిలాయి. అంత రుచిగా ఆమె ఎన్నడూ తినలేదు. మంగ బొట్టు పెట్టి, రవికల గుడ్డ చేతిలో పెట్టి, అప్పుడు అడిగింది: "ఇంతకీ నీ పేరేంటమ్మా?"

తిరుగు బస్సులో మాస్టారు జేబులోంచి కాగితం, కలం తీశారు. "సంతకం ఎక్కడన్నావు?"

సింధూర కాగితం అందుకుని సంచిలో పడేసింది. "సాయంత్రం రైలుకే విశాఖ వెళ్ళిపోతాను సార్," అంది. మాస్టారు కలానికి మూత పెట్టుకున్నారు.

మర్నాడు ఆఫీసులో ఆమె కుర్చీలో కూర్చోలేదు. మెట్ల కింద, ఇళ్ళ నుంచి తిరిగొచ్చేసిన వాకర్లు ఇరవై దాకా దుమ్ము పట్టి పడున్నాయి. వాటిని తప్పుకుని అందరూ పైకి ఎక్కుతున్నారు. ఒక్కొక్కటీ బయటికి లాగి తుడిచింది. ఏది ఏ ఇంటిదో చూసుకుని అందరికీ ఫోన్లు చేసి, ఎందుకు తిరిగిచ్చేశారని అడిగింది. "కింద రబ్బరు అరిగిపోయి జారుతోందమ్మా, భయమేసి మానేశాం," అన్నారు పది ఇళ్ళలో. నాలుగు కొట్లు తిరిగి కొత్త రబ్బరు తొడుగులు తెచ్చి వేసింది. మొదటి వాకరుకి ఒక కాలికి మందం తొడుగు వేసేసరికి అది ఊగి ఊగి సాయంత్రానికే వెనక్కి వచ్చింది. భార్గవ్ ఫోను పక్కన పెట్టి మరీ కోప్పడ్డాడు. కోప్పడి, ఆమె పక్కనే నేల మీద చతికిలబడి తొడుగులు సరిచేశాడు. నెల తిరిగేసరికి సింధూర చెయ్యి పడకుండా ఒక్క వాకరూ గుమ్మం దాటేది కాదు. ఒకరోజు, వాకరు తీసుకున్న ఎనభై ఏళ్ళ సీతారత్నం గారు ఫోను చేసి, "ఇవాళ వీధి గుమ్మం దాకా నడిచానే, నా అంతట నేనే!" అన్నప్పుడు, ఆ రెండు గదులూ ఈలలతో మోగిపోయాయి. కింద వైండింగు కొట్టువాళ్ళు ఏమైందోనని పైకి వచ్చారు.

జూన్ ఆఖరున రిపోర్టు పట్టుకుని మాస్టారింటికి వచ్చింది. డెబ్భై పేజీలు ఆగకుండా రాసిన పిల్ల, కాలేజీ వారు ఇచ్చిన అచ్చు కాగితం మొదటి పేజీలోనే ఆగిపోయింది. అందులో 'సంస్థ అప్పగించిన పనులు' అని ఒక గడి ఉంది.

"ఇక్కడ ఏం రాయమంటారు సార్? నాకు ఎవరూ ఏ పనీ అప్పగించలేదే!" అంటూనే ఆమెకి నవ్వొచ్చింది.

మాస్టారు కాగితం తీసుకుని, ఆ గడి చూసి, తిరిగి ఇచ్చేశారు.

"శుభలేఖలు భోజనానికే వేస్తారమ్మా, వడ్డనకి కాదు," అన్నారు. "ఖాళీగా వదిలెయ్."